తొలకరి: మన వజ్రాల వేటను ఇంటిల్లిపాదీ ఆడుకునే ఆటగా మలచడం ఎలా

పటం గీయడంతో మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టి నాలుగు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. పెద్ద డ్రాయింగ్ షీటు మీద కొండారెడ్డి బురుజు, యాగంటి బసవన్న, బెలుం గుహలు, అహోబిలం, మంత్రాలయం అన్నీ రంగుల్లో వేశాను. వాటిని కలుపుతూ 100 గళ్ల దారి గీశాను. పాచిక వేయడం, పడినన్ని గళ్లు నడవడం, అంతే ఆట. మొదటి రోజు పిల్లలు బొమ్మలు చూసి మురిసిపోయారు. రెండో రోజు ఆట సగంలో ఉండగా పెద్దమ్మాయి నీళ్లు తాగడానికి లేచి వెళ్లి మళ్లీ రాలేదు. ఆమె వంతు వచ్చినప్పుడల్లా తమ్ముడే పాచిక వేసి అక్క కాయను జరిపాడు. ఆట ఏమీ ఆగలేదు, చివరికి గెలిచింది కూడా అక్క కాయే. మనిషి లేకుండానే మనిషి గెలిచే ఆటను మనుషులు ఎందుకు ఆడాలి?

వైకుంఠపాళి కూడా అలాంటిదే. నిచ్చెన దొరికితే ఎక్కడం, పాము నోట్లో పడితే జారడం, మధ్యలో మనం తేల్చుకోవలసింది ఏమీ లేదు. పుణ్యపాపాల సంగతి చెప్పడానికి పుట్టిన పటం కాబట్టి దానికి అది సరిపోయింది. అష్టాచెమ్మా వేరు. గవ్వలు ఎన్ని పడతాయన్నది మన చేతిలో లేకపోయినా, ఏ కాయను జరపాలి, ఎవరి కాయను చంపాలి, ఎప్పుడు ఇంట్లో కూర్చోవాలి అన్నది మన చేతిలోనే ఉంటుంది. పులిజూదంలో అదృష్టం జోలికే పోరు. మూడు పులులు, పదిహేను మేకలు, మిగిలినదంతా బుర్ర. ఇంటిల్లిపాదీ ఆడాలంటే మాత్రం నా ఓటు అష్టాచెమ్మా తరహాకే. ఉత్త బుర్ర మీద నడిస్తే ఎనిమిదేళ్ల పిల్లవాడు ప్రతిసారీ ఓడి ఏడుస్తాడు. ఉత్త అదృష్టం మీద నడిస్తే పెద్దవాళ్లు ఫోను తీస్తారు.

ముందు ప్రశ్న వెతకండి

అందుకే కాగితం, రంగులు పక్కన పెట్టి, మీ ప్రాంతంలో మనుషులు నిజంగా తలబద్దలు కొట్టుకునే ప్రశ్న ఒకటి వెతకండి. మా కర్నూలు జిల్లా వాళ్లకు అది వెతక్కుండానే దొరుకుతుంది. తొలకరి పడిందంటే తుగ్గలి, మద్దికెర మండలాల్లోనూ, పక్కనే అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కలా జనం తలలు వంచుకుని పొలాల్లో నడుస్తూ కనిపిస్తారు. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్లు తేలతాయి. వాటిలో వజ్రం ఉండవచ్చు, పలుగురాయి ఉండవచ్చు. పార పట్టకుండా, కంటితోనే వెతుకుతారు. ఆ రోజు కూలి పోతుంది. దొరికితే కొనే వ్యాపారి దగ్గరలోనే ఉంటాడు. మరోపక్క పొలం రైతు విత్తనానికి తొందరపడుతుంటాడు, విత్తిన చాళ్లు తొక్కుతున్నారని కేకలేస్తుంటాడు.

ఇందులో ఆటకు కావలసినవన్నీ ఉన్నాయి. కూలికి వెళ్లాలా, వెతకాలా? దొరికితే ఉన్న ధరకు ఇచ్చేయాలా, దాచుకోవాలా? విత్తనం పడేలోపు ఎంత నేల చూడగలం? ఆట పేరు కూడా దానంతటదే వచ్చింది: తొలకరి.

మీది కడప అయితే కేసీ కాలువ తీసుకోండి. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా వచ్చే నీటిని ఎగువన కూర్చున్న ఆటగాడు ఎంత వాడుకుని ఎంత వదలాలి? పిల్లలను వరుసగా కూర్చోబెట్టి గ్లాసుతో శనగలు ముందుకు అందించమంటే చాలు, పది నిమిషాల్లో అసలైన తగాదా మొదలవుతుంది. గుంతకల్లు వాళ్లకు రైలు జంక్షనే ఉంది. ఇక్కడ మాత్రం నా ఆటనే మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. మీరు ఉన్నదున్నట్టు చేసుకున్నా, మీ ప్రశ్నకు తగినట్టు మార్చుకున్నా మంచిదే.

సామాన్లు

బీరువాలో మూలన పడి ఉన్న శుభలేఖలు తీయండి. ముక్కలకు వాటంత మందమైన, బిగువైన కాగితం కొన్నా దొరకదు. 4 సెంటీమీటర్ల చదరాలుగా 36 ముక్కలు కత్తిరించండి. ఒక జాగ్రత్త: శుభలేఖ మూలలకు పసుపు ఉంటుంది. పసుపు అంటిన ముక్కను వాడకండి. మా చిన్నవాడు రెండో ఆటకే ‘పసుపు మూల ఉన్నది మెరుపురాయి’ (అంటే ఆటలో అందరూ వెతికే ముక్క) అని కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా మూడు ఆటలు గెలిచాడు.

ముక్కల వెనక వైపు 18 ఎర్రగా, 18 నల్లగా రంగు వేయండి. ఎర్ర నేల, నల్లరేగడి. నిజమైన ఎర్రమట్టి కలిపి పూద్దామని నాకు సరదా పుట్టింది. వేళ్లకు అంటుకుని, వేళ్ల నుంచి చొక్కాలకు అంటుకుని ఆ సరదా తీరింది. స్కెచ్ పెన్ను చాలు. ఒకే పెన్నుతో, ఒకే రోజు వేయండి, లేకపోతే రంగుల తేడా కూడా గుర్తుగా మారుతుంది.

ముఖం వైపు, ఎర్రవాటిలో 9 ముక్కల మీద, నల్లవాటిలో 5 ముక్కల మీద నక్షత్రం గీయండి. అవి మెరుపురాళ్లు. మిగిలిన 22 ఉత్త రాళ్లు, వాటిని ఖాళీగా వదిలేయండి.

చీర అట్టపెట్టె మూత తిరగేసి దాని మీద ఆరు వరుసలు, వరుసకు ఆరు గళ్లు గీయండి. మూడో వరుసకూ నాలుగో వరుసకూ మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. అది గట్టు. మూత చిన్నదైతే పాత క్యాలెండర్ వెనక వైపు గీసి, అట్టకు అంటించండి.

డబ్బు చింతపిక్కలు. వేసవిలో చింతపండు గింజ తీసే ఇంట్లో పిక్కలకు కొదవ ఉండదు. వంద కడిగి ఆరబెట్టండి. వాటిలోనే ఒకే పరిమాణంలో ఉన్న నాలుగింటిని ఎంచుకుని, ఒక వైపు తెల్లగా, చదునుగా అయ్యేదాకా గరుకు బండ మీద అరగదీయండి. ఇవే పాచికలు. నున్నగా పాలిష్ పెట్టిన బేతంచెర్ల బండ మీద ఎంత రుద్దినా అరగవు, ఆ బండనే తిరగేసి వెనక వైపు రుద్దండి.

ఇంకా కావలసినవి 14 మడత చీటీలు, అవి వేయడానికి ఒక గుడ్డ సంచి, ఆటగాడికొక చొక్కా గుండీ. గుండీలు వేరు వేరు రంగుల్లో ఉండాలి. గుప్పెడు పచ్చి వేరుశనగ గింజలు, గుప్పెడు పత్తి గింజలు కూడా తెచ్చుకోండి. పత్తి గింజలు దొరకకపోతే కందులు పెట్టండి. వేరుశనగ మాత్రం వేయించినది వద్దు, కారణం మీరే ఊహించగలరు.

లెక్క కుదర్చడం

ఆట రక్తి కట్టేదీ చప్పబడేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

14 చీటీల్లో ఆరింటి మీద సున్నా రాయండి. అవి పలుగురాళ్లు. నాలుగింటి మీద 5, మూడింటి మీద 10, ఒక్కదాని మీద 25 రాయండి. అన్నీ కూడితే 75. దాన్ని 14తో భాగిస్తే, మడత విప్పని ఒక చీటీ సగటు విలువ అయిదు పిక్కలకు కొంచెం పైన ఉంటుంది. వ్యాపారి ధర దీనికి కొంచెం కిందనే ఉండాలి. నేను మొదట 6 పెట్టాను. అందరూ దొరికిన రాయిని దొరికినట్టే అమ్మేశారు, దాచుకున్నవారు లేరు. తర్వాత 2 పెట్టాను. ఎవరూ అమ్మలేదు. 4 పెట్టినప్పుడు మాత్రం చేతిలో చీటీ పట్టుకుని ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం మొదలైంది. నాకు కావలసింది ఆ చూపులే.

ఎర్ర నేలలో సగం ముక్కలు మెరుపురాళ్లు. అంటే రెండు తిప్పితే ఒకటి మెరుస్తుంది, దాన్ని వ్యాపారికిస్తే 4 వస్తాయి, సగటున తిప్పుకు 2. అందుకే కూలి కూడా 2 పిక్కలే పెట్టాను. రెండూ సమానంగా తూగితేనే ఎటు పోవాలో తేల్చుకోవడం కష్టమవుతుంది. నల్ల నేలలో 18కి అయిదే మెరుస్తాయి, అక్కడ వెతకడం కూలి కన్నా నష్టం. అయినా 25 చీటీ ఇంకా సంచిలోనే ఉందన్న ఆశ కొందరిని అక్కడికి లాక్కుపోతుంది.

పాచికల లెక్క కూడా ఒకసారి చూసుకోండి. నాలుగు పిక్కలు పదహారు రకాలుగా పడగలవు. పిక్క రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, పదహారులో ఆరుసార్లు రెండు తెలుపులు, నాలుగేసిసార్లు ఒకటి గాని మూడు గాని, ఒకసారి నాలుగూ తెలుపు, ఒకసారి అన్నీ నలుపు. అష్టాచెమ్మాలో గవ్వలన్నీ బోర్లా పడితే ఎనిమిది కదా, అంత అరుదైన పందానికి ఇక్కడా మర్యాద ఉండాలి. నాలుగూ నలుపు పడితే పొలంలో నచ్చిన గడికి నేరుగా వెళ్లవచ్చు.

విత్తనం అనే గడియారం

ఇంట్లో చేసిన ఆటలకు ఉండే పెద్ద జబ్బు ముగియకపోవడం. గంట దాటితే గెలిచేవారికి కూడా విసుగొస్తుంది. దీనికి మందు రైతు దగ్గరే దొరికింది. ప్రతి ఆటగాడూ తన వంతు ముగిశాక ఒక గడిలో ఒక విత్తనం పెడతాడు. విత్తిన గడి మూతపడినట్టే, దానిలోని ముక్కను ఇక ఎవరూ తిప్పకూడదు. మొత్తం 36 గళ్లు, అంటే 36 వంతులు, ఆ తర్వాత ఆట ముగుస్తుంది. ముగ్గురు ఆడితే తలా 12 వంతులు, నలుగురైతే తొమ్మిదేసి. అయిదుగురైతే చివరి గడి వదిలేసి ఏడేసి వంతులతో ఆపండి. మా ఇంట్లో ముప్పావుగంట ఎప్పుడూ దాటలేదు.

విత్తడం ఎర్ర నేల పై వరుసలో మొదలవుతుంది, అక్కడ వేరుశనగ. నల్ల నేలకు వచ్చేసరికి పత్తి. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి, చివరికి వెళ్లాక వెనక్కి మళ్లి రెండో వరుస కుడి నుంచి ఎడమకు, ఎద్దులు చాలు తిరిగినట్టే సాగాలి. వైకుంఠపాళిలో అంకెలు నడిచేదీ ఇలాగే. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు చూశారా? ఆ బండల మీద కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, వాటి వెంటే మరికొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉంటాయి. వజ్రాలు వెతికే ఆ నేలలోనే, రెండు వేల ఏళ్ల కిందట, ఎద్దు తిరిగినట్టు రాసిన రాత! ఆటకు దీనితో పనేమీ లేదు. పిల్లలకు చెప్పడానికి బాగుంటుందని చెప్పాను.

నియమాలు

ఒక పోస్టుకార్డులో పట్టని నియమాలు ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోరు. మావి ఆరు:

1. ముక్కలు బోర్లించి కలిపి, ఎర్రవి గట్టుకు పైన, నల్లవి కింద పేర్చాలి. గుండీలన్నీ గట్టు మీద మొదలవుతాయి. తలా 5 పిక్కలు.

2. మీ వంతులో మూడు పనుల్లో ఒకటే చేయాలి: కూలి, వెతకడం, రాయి పరీక్ష.

3. కూలికి 2 పిక్కలు. అందరి వంతులూ ఒకసారి తిరిగితే ఒక వాన. ఒక వానకు ఒక్కరికే కూలి దొరుకుతుంది, ముందు అడిగినవారిదే. మొదటి వంతు ప్రతి వానకు పక్కవారికి మారుతుంది.

4. వెతకాలంటే పాచికలు వేసి, ఎన్ని తెలుపులు పడితే అన్ని గళ్ల లోపు, నిలువుగా గాని అడ్డంగా గాని నడిచి, ఆగిన గడిలో ముక్కను తిప్పాలి. విత్తిన గడి తొక్కితే గడికొక పిక్క జరిమానా. మెరుపురాయి అయితే సంచిలోంచి చీటీ తీసుకోవాలి, విప్పకూడదు.

5. విప్పని చీటీని మీ వంతు వచ్చినప్పుడు వ్యాపారికి 4 పిక్కలకు ఇచ్చేయవచ్చు, దీనికి వేరే వంతు అక్కరలేదు. ఒక వంతు ఖర్చుపెట్టి చీటీని మీరొక్కరే విప్పి చూసుకోవడమే పరీక్ష. విప్పిన రాయిని వ్యాపారి కొనడు, సాటి ఆటగాళ్లు కొనవచ్చు. అమ్మేవారు ధర తప్ప ఇంకో మాట చెప్పకూడదు.

6. చివరి విత్తనం పడ్డాక లెక్క. చేతుల్లోని చీటీలన్నీ విప్పి, వాటి విలువను పిక్కలతో కలపాలి. ఎవరికి ఎక్కువ ఉంటే వారు గెలిచినట్టు.

నాలుగో నియమంలో ‘లోపు’ అన్న మాట చూడండి. మొదట ‘సరిగ్గా అన్ని గళ్లు’ అని రాశాను. చిన్నవాడు వేలితో గళ్లు లెక్కపెట్టి, తప్పి, మళ్లీ మొదలుపెట్టేలోపు మిగిలిన వారికి ఆవులింతలు వచ్చాయి.

నోరు మూసుకుని చూడండి

మొదటి ఆట మీరొక్కరే నలుగురి తరఫునా ఆడండి. పెద్ద కంతలు అప్పుడే బయటపడతాయి. రెండో ఆట ఇంట్లో వాళ్లకిచ్చి, నియమాల కార్డు ఒకసారి చదివి వినిపించి, ఇక మాట్లాడకండి. చెప్పినంత తేలిక కాదిది. తప్పు ఆడుతుంటే సరిదిద్దాలని నోరు దురద పెడుతుంది. సరిదిద్దకుండా రాసుకోండి. ఒకే నియమం దగ్గర ఇద్దరు తప్పారంటే తప్పు రాసిన మీది. ఎవరు ఎన్నో వంతులో ఫోను తీశారో కూడా రాయండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ఇంట్లో వాళ్లు ‘బాగుంది’ అనే అంటారు, ఆ మాటను నమ్మకండి.

మా ఇంట్లో అసలు కంత బయటపెట్టింది అమ్మ. అప్పటికి కూలికి హద్దు లేదు. అమ్మ తొమ్మిది వంతులూ కూలికే వెళ్లింది. పొలంలో అడుగు పెట్టలేదు, ఒక్క ముక్క తిప్పలేదు. చివరికి 23 పిక్కలతో అందరికన్నా పైన నిలిచింది. ‘అవ్వా, నువ్వు ఆడనే లేదు!’ అని పిల్లలు గోల పెట్టారు. ‘రాయి దొరుకుతుందని కూలి మానుకుంటామా?’ అని అమ్మ పిక్కలు లెక్కపెట్టుకుంది. బతుకు లెక్కలో అమ్మ మాటే సరి. ఆట లెక్కలో అలా కుదరదు, అందరూ అమ్మలాగే ఆడితే పొలం ఖాళీగా ఉంటుంది. కూలి 1కి తగ్గించి చూశాను, అప్పుడు కూలికి వెళ్లినవారే లేరు. వానకు ఒక్కరికే కూలి అన్న నియమం పెట్టాక కుదిరింది. ఇప్పుడు మొదటి వంతు ఎవరిదా అని అందరికీ ఆత్రమే.

ఇలా మార్చేటప్పుడు ఒకసారికి ఒక నియమమే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు. కొత్త నియమం చేర్చాలనిపించినప్పుడు, ముందు పాతది ఒకటి తీసేసి చూడండి. నా తొలి కార్డులో పదకొండు ఉండేవి. పాము కాటు, ట్రాక్టరు, గ్రామసభ లాంటివి ఒక్కొక్కటే తీసేశాను, ఎవరూ వాటి గురించి అడగలేదు.

అయిదో నియమంలో ‘ధర తప్ప ఇంకో మాట చెప్పకూడదు’ అన్నదానికీ ఒక కథ ఉంది. మొదట్లో ఏదైనా చెప్పి అమ్ముకోవచ్చని ఉండేది. పెద్దమ్మాయి సున్నా చీటీని ‘ఇది పాతిక’ అని ప్రమాణాలు చేసి తమ్ముడికి అంటగట్టింది. వాడు ఏడ్చాడు. పండక్కి వచ్చిన మా మామగారు కళ్లజోడు పైనుంచి చూసి ‘పిల్లలకు అబద్ధాలు నేర్పుతున్నారా?’ అని అడిగారు. అందుకని మాటలు తీసేశాను. ఇప్పుడు చీటీ మడత నేల మీద పెట్టి ‘ఏడు’ అనడమే, ఆ తర్వాత ముఖాలు చదువుకోవాలి. ఆట ముందుకన్నా పదునెక్కింది. పదిహేను ఆటల్లో అమ్మ ముఖం ఏమీ చెప్పలేదు. అబద్ధాల గురించి అడిగిన మామగారికే ఆమె ఒక పలుగురాయిని 9 పిక్కలకు అమ్మింది.

బొమ్మలు ఇప్పుడు వేయండి

నియమాలు నాలుగైదు ఆటల పాటు మారకుండా నిలిచాక రంగుల పెట్టె తీయండి. గట్టు మీద వేపచెట్టు, కింద వ్యాపారి గొడుగు, మూలలో నల్లమబ్బు, మీ పిల్లలకు ఏది తోస్తే అది. వాళ్లనే వేయనివ్వండి. గళ్ల లోపల మాత్రం ఏమీ గీయనివ్వకండి, ముక్కలు పేర్చాక ఎలాగూ కనబడవు. చీటీలు నలిగి గుర్తుపట్టేలా తయారైతే పద్నాలుగూ ఒకేసారి మార్చండి, ఒకటీ రెండూ మారిస్తే కొత్తది ఏదో తెలిసిపోతుంది.

అన్నీ స్వీటు డబ్బాలో పెట్టి, మూతకు లోపలి వైపు నియమాల కార్డు అంటించండి. కింద నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. మా కార్డులో ఆ ఖాళీలో చిన్నవాడు పెన్సిల్‌తో ఏడో నియమం రాశాడు: ‘ఆట అయ్యేదాకా నాన్న విత్తనాలు తినకూడదు.’